తిరిగే షాఫ్టుకు నిలకడ లెక్క: ఒక విమర్శ

కొవ్వూరు స్టేషను విడిచిన రైలు రాజమహేంద్రవరము చేరవలెనంటే గోదావరిని దాటవలెను. 1900 లో తెరచిన హేవ్‌లాక్ వంతెన మీద 1997 వరకు రైళ్ళు నడిచినవి. 1974 లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చినది. 1997 లో కమానుల వంతెన వచ్చినది. హేవ్‌లాక్ వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. చక్రము వ్యాసము ఒక మీటరు అనుకొంటే దాని చుట్టుకొలత 3.14 మీటర్లు. అనగా వంతెన ఈ కొస నుండి ఆ కొసకు చేరేలోపల ఒక్కొక్క ఇరుసు సుమారు 860 సార్లు తిరుగుతుంది. పెట్టె బరువు మాత్రము తిరుగదు. అది ఇరుసు రెండు చివరల మీద ఎప్పుడూ క్రిందికే నొక్కుతూ ఉంటుంది. పట్టా క్రింది నుండి పైకే నొక్కుతూ ఉంటుంది. బలాలు నిలిచియున్నవి, వాటి నడుమ ఉక్కు తిరుగుతున్నది.

ఇటువంటిదే డెల్టాలోని పాత బియ్యపు మిల్లులలో కనిపించేది. ఒక ఆయిలింజను, తలపైన గోడ నుండి గోడకు సాగిన ఒక పొడవాటి లైను షాఫ్టు, దాని మీద పుల్లీలు, పుల్లీల మీద నుండి క్రిందికి దిగే బెల్టులు. నేడు చాలా మిల్లులలో యంత్రానికి ఒక విద్యుత్ మోటారు వచ్చి, ఆ షాఫ్టుకు పని తగ్గినది. కాని తిరిగే షాఫ్టు ఎక్కడికీ పోలేదు. మోటారులోనూ షాఫ్టే, పంపులోనూ షాఫ్టే.

పదకొండవ తరగతిలో సమతాస్థితి పాఠము చెప్పుచుండగా, ఇంట మిల్లు చూచిన ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణము. "మాస్టారూ, బేరింగుల మీద ఎంత భారము పడుతుందో తెలుసుకొనడానికి పాలిటెక్నిక్ చదివే మా అన్నయ్య బలాల మొత్తము సున్న, భ్రామకాల మొత్తము సున్న అని లెక్క వేసినాడు. షాఫ్టు తిరుగుతున్నది గదా! నిలిచిన వాటి శాస్త్రము దానికి ఎట్లా చెల్లుతుందండి?"

ఈ ప్రశ్నకు మనలో సామాన్యముగా రెండు జవాబులు వినవస్తాయి. "చెల్లదు, మీ అన్నయ్య పొరపాటు పడినాడు" అనేది ఒకటి. "పుస్తకములో అట్లాగే చేసినారు, నీవూ అట్లాగే చెయ్యి" అనేది రెండవది. మొదటిది తప్పు. రెండవది తప్పు కాకపోయినా చదువు కాదు. ఈ పద్ధతి ఎందుకు చెల్లుతుందో, ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ మోసగిస్తుందో చెప్పినప్పుడే అది విజ్ఞానమవుతుంది. మన పాఠ్యపుస్తకాలు ఈ మూడింటిలో ఏది చెప్పినవి, ఏది విడిచినవి అని పరిశీలించడమే ఇక్కడ మన ఉద్దేశము.

నిర్వచనము మంచిది, ఉదాహరణలు చాలవు

ముందుగా పుస్తకానికి దక్కవలసిన మెప్పు దక్కనిద్దాము. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండవ తరగతి భౌతికశాస్త్రములో దృఢ వస్తువు సమతాస్థితిని నిర్వచించిన తీరు నిర్దోషమైనది. వస్తువు కదలరాదని అందులో లేదు. దాని రేఖీయ ద్రవ్యవేగము, కోణీయ ద్రవ్యవేగము కాలముతోబాటు మారకుండా ఉంటే చాలునని ఉన్నది. నిమిషానికి సరిగా 300 చుట్లు తిరిగే షాఫ్టు, తన ద్రవ్యరాశి అక్షము చుట్టూ సమముగా పంచబడియుంటే, ఈ నిర్వచనములో చక్కగా ఇముడుతుంది.

అయితే నిర్వచనము తరువాత వచ్చే ఉదాహరణలు ఏవి? రెండు కత్తి అంచుల మీద ఆనించిన లోహపు కడ్డీ ఒకటి, గోడకు చేరవేసిన నిచ్చెన ఒకటి. రెండూ కదలనివే. నిర్వచనము పెద్ద తలుపు తెరచినది, ఉదాహరణలు దానిని సగము మూసివేసినవి. విద్యార్థి జ్ఞాపకములో నిలిచేది నిర్వచనము కాదు, ఉదాహరణ. అందువల్ల సమతాస్థితి అనగా నిశ్చలత అనే అపోహ పుస్తకములో లేకపోయినా తరగతి గదిలో పుడుతుంది.

ఇంతకంటె గట్టి అభ్యంతరము మరొకటి ఉన్నది. స్థిరమైన అక్షము చుట్టూ తిరిగే వస్తువును గురించి చెప్పేటప్పుడు ఆ పుస్తకము అక్షము దిశలో ఉన్న భ్రామకాలను మాత్రమే లెక్కలోనికి తీసుకొంటుంది. అక్షానికి లంబముగా ఉన్న భ్రామకాలు అక్షాన్ని ఒరగద్రోయడానికి ప్రయత్నిస్తాయనీ, వాటిని రద్దుచేసే నిర్బంధ బలాలు తగినట్లుగా పుట్టుకొని వస్తాయనీ, కనుక వాటిని పట్టించుకోనక్కరలేదనీ చెప్పి ముందుకు సాగుతుంది. భ్రమణ వేగము కనుగొనడమే పని అయితే ఇది న్యాయమే. కాని "తగినట్లుగా పుట్టుకొని వచ్చే" ఆ బలాలు ఎవరివి? బేరింగులవి. వాటిని అరగదీసేవి, వేడెక్కించేవి, షాఫ్టును వంచేవి, చివరకు విరిచేవి ఆ బలాలే. చదువులో పట్టించుకోనక్కరలేదని విడిచినదే మిల్లులో మొదట పట్టించుకోవలసినది. మిల్లున్న ఊరి పిల్లవానికి ఇది చిన్న లోపము కాదు.

లెక్క ఎట్లా సాగుతుంది?

ఒక లైను షాఫ్టును తీసుకొందాము. రెండు బేరింగుల నడుమ దూరము 2 మీటర్లు. ఎడమ బేరింగు నుండి అర మీటరు దూరములో ఇంజను బెల్టు తగిలించిన పుల్లీ ఉన్నది. దాని వ్యాసార్ధము 0.3 మీటరు. కుడి బేరింగు నుండి అర మీటరు దూరములో మిల్లు యంత్రాన్ని త్రిప్పే పుల్లీ ఉన్నది. దాని వ్యాసార్ధము 0.2 మీటరు. ఒక్కొక్క పుల్లీ బరువు 200 న్యూటన్లు. వేగము నిమిషానికి 300 చుట్లు, అనగా సెకనుకు 31.4 రేడియనులు. బెల్టులు రెండూ నిట్టనిలువుగా క్రిందికి దిగినవి.

ఇంజను బెల్టు బిగువు వైపు 1500 న్యూటన్లతోను, సడలు వైపు 500 న్యూటన్లతోను లాగుతున్నదనుకొందాము. రెంటి భేదము 1000. దానిని 0.3 చేత హెచ్చవేస్తే షాఫ్టును త్రిప్పే భ్రామకము 300 న్యూటన్-మీటర్లు. శక్తి 300 ను 31.4 చేత హెచ్చవేయగా సుమారు 9.4 కిలోవాట్లు, అనగా పన్నెండున్నర గుర్రపు శక్తి.

వేగము మారడము లేదు కనుక రెండవ పుల్లీ కూడా 300 న్యూటన్-మీటర్లనే ఎదురు త్రిప్పవలెను. 300 ను 0.2 చేత భాగిస్తే రెండవ బెల్టు రెండు వైపుల భేదము 1500 న్యూటన్లు. ఆ బిగువులు 2250, 750 అనుకొందాము. అక్షము చుట్టూ ఒక 300 ఇటు, ఒక 300 అటు, మొత్తము సున్న. షాఫ్టు తిరుగుతూనే ఉన్నది, కాని తిరుగుడు వేగము పెరగదు, తగ్గదు. సమతాస్థితికి ఇదే మొదటి సాక్ష్యము.

ఇక బేరింగుల సంగతి. ఇక్కడే విద్యార్థులు తరచుగా పొరబడతారు. త్రిప్పడానికి పనికివచ్చేది రెండు బిగువుల భేదము, వంచడానికి పనికివచ్చేది వాటి మొత్తము. మొదటి పుల్లీ వద్ద 1500, 500, పుల్లీ బరువు 200 కలిసి క్రిందికి 2200 న్యూటన్లు. రెండవ పుల్లీ వద్ద 2250, 750, 200 కలిసి 3200 న్యూటన్లు. ఎడమ బేరింగు గుండా పోయే అడ్డు అక్షము చుట్టూ భ్రామకాలు తీసుకొంటే 2200 ను 0.5 చేత, 3200 ను 1.5 చేత హెచ్చవేసి కూడగా 5900 వచ్చినది. దానిని 2 చేత భాగిస్తే కుడి బేరింగు ప్రతిచర్య 2950 న్యూటన్లు. మొత్తము 5400 నుండి అది తీసివేస్తే ఎడమ బేరింగుకు 2450 న్యూటన్లు. షాఫ్టు సొంత బరువును ఇక్కడ విడిచినాము. 60 మిల్లీమీటర్ల వ్యాసముగల ఉక్కు షాఫ్టు అయితే దానివలన చెరొక బేరింగుకు మరి సుమారు 220 న్యూటన్లు చేరుతాయి.

ఈ లెక్కలో వేగము ఎక్కడైనా వచ్చినదా? బెల్టు బిగువులు తెలిసిన తరువాత ఎక్కడా రాలేదు. షాఫ్టు నిలిచియున్నా, అవే బిగువులు ఉంటే, బేరింగులకు అదే భారము. విద్యార్థి సందేహము తీరవలసిన చోటు ఇదే. నిజమే, పుల్లీ అంచు మీది ప్రతి తునకకూ అక్షము వైపు త్వరణము ఉన్నది. కాని దాని కెదురుగా అవతలి అంచున ఉన్న తునకకు అంతే త్వరణము వ్యతిరేక దిశలో ఉన్నది. వస్తువు మొత్తము మీద కూడితే అవి రద్దయిపోతాయి. ద్రవ్యరాశి కేంద్రము కదలదు. తునకలను వర్తులముగా త్రిప్పే బలాలు పుల్లీ లోపలనే పుట్టి లోపలనే తీరిపోతున్నవి, బేరింగు గడప దాటి బయటికి రావు. కనుక బాహ్య బలాలను కట్టడానికి స్థితిశాస్త్రము చాలును.

ఇంకొక విశేషము. ఇంజను అప్పుడే మొదలై వేగము పుంజుకొంటున్నదనుకొందాము. అప్పుడు అక్షము చుట్టూ ఉన్న సమీకరణము మాత్రమే మారుతుంది. భ్రామకాల మొత్తము సున్న కాక, జడత్వ భ్రామకము, కోణీయ త్వరణముల లబ్ధానికి సమానమవుతుంది. షాఫ్టు, పుల్లీలు అక్షము చుట్టూ సౌష్ఠవముగా ఉన్నంతవరకు మిగిలిన సమీకరణాలు అట్లాగే నిలుస్తాయి. ఆనాటి బెల్టు బిగువులు వేస్తే ఆనాటి బేరింగు భారము వస్తుంది.

ఈ లెక్క మిల్లుకు చెప్పే మాటలు

బెల్టు జారుతున్నదని దానిని మరింత బిగించడము మిల్లులలో సామాన్యము. ఇంజను బెల్టును 2000, 1000 న్యూటన్లకు బిగించినారనుకొందాము. భేదము మునుపటివలె 1000. త్రిప్పే శక్తి ఒక్క వాటు కూడా పెరుగలేదు. కాని మొదటి పుల్లీ వద్ద భారము 2200 నుండి 3200 అయినది. లెక్క మళ్ళీ వేస్తే ఎడమ బేరింగు ప్రతిచర్య 2450 నుండి 3200 కు, కుడిది 2950 నుండి 3200 కు పెరిగినవి. ఎడమ బేరింగు మీద నూటికి ముప్పై వంతులు అదనపు భారము, ఫలము శూన్యము. బేరింగు వేడెక్కుటకు కారణము గ్రీజులో వెదకే ముందు బెల్టులో వెదకవలెనని నాలుగు వరుసల అంకగణితము చెప్పుచున్నది.

బెల్టు దిశ మరొక సంగతి. మొదటి లెక్కలోని రెండవ బెల్టు క్రిందికి కాక అడ్డముగా, నేలకు సమాంతరముగా సాగినదనుకొందాము. అప్పుడు నిలువు బలాలను ఒక లెక్కగా, అడ్డు బలాలను వేరొక లెక్కగా వేయవలెను. కుడి బేరింగుకు నిలువుగా 700, అడ్డముగా 2250 వస్తాయి. పైథాగరసు సూత్రముచే రెండూ కలిసి సుమారు 2356 న్యూటన్లు. ఎడమ బేరింగుకు 1700, 750 కలిసి సుమారు 1858. బిగువులు మారలేదు, శక్తి మారలేదు. దిశ మార్చినంత మాత్రాన రెండు బేరింగుల భారము తగ్గినది. అదే బెల్టు పైకి లాగినట్లయితే కుడి బేరింగు ప్రతిచర్య రుణ సంఖ్య అవుతుంది: 1550 న్యూటన్లు, క్రిందికి. అనగా షాఫ్టు బేరింగు అడుగున ఆనక మూతను పైకెత్తుతున్నది. ఆ భారము మోసేవి మూత బోల్టులు. రుణ గుర్తు వచ్చినదని లెక్క కొట్టివేసే విద్యార్థికి ఆ గుర్తు ఒక బోల్టు అని చెప్పవలెను.

లెక్క చెప్పక విడిచినది

ఇంతవరకు పద్ధతిని సమర్థించినాము. ఇక దాని కొరత చూతము. మన మొదటి షాఫ్టులో రెండవ పుల్లీ వద్ద వంపు భ్రామకము 2950 ను 0.5 చేత హెచ్చవేయగా 1475 న్యూటన్-మీటర్లు. షాఫ్టు వ్యాసము 60 మిల్లీమీటర్లయితే ఆ వంపు వలన ఉపరితలము మీద కలిగే ప్రతిబలము సుమారు 70 మెగాపాస్కలులు. మెలి వలన కలిగే ప్రతిబలము 7 మాత్రమే. షాఫ్టు పని త్రిప్పడమని ఎరిగి, మెలిని మాత్రమే లెక్కించినవాడు పదింతల పెద్ద ప్రమాదాన్ని చూడకుండా పోతాడు.

అంతకంటె ముఖ్యమైనది, ఆ 70 నిలిచియుండే 70 కాదు. బలము క్రిందికే ఉన్నది, షాఫ్టు తిరుగుతున్నది. దాని ఉపరితలము మీద సుద్దతో ఒక చుక్క పెట్టినామనుకొందాము. ఆ చుక్క అడుగున ఉన్నప్పుడు అక్కడి ఉక్కు 70 తో సాగదీయబడుతుంది; అర చుట్టు తిరిగి పైకి వచ్చేసరికి 70 తో నొక్కబడుతుంది. నిమిషానికి 300 సార్లు, రోజుకు పది గంటల చొప్పున 1,80,000 సార్లు, నెలకు 54 లక్షల సార్లు. బలాల లెక్క నిశ్చలముగా కనబడుతున్నప్పుడు లోహము లోపల జరిగేది ఎడతెగని ఊగిసలాట. కీ కోసము చెక్కిన గాడి వద్ద, వ్యాసము మారే మెట్టు వద్ద ప్రతిబలము ఇంకను పెరుగుతుంది. అక్కడ వెంట్రుకవంటి పగులు పుట్టి, మెల్లగా లోపలికి ప్రాకి, ఒకనాడు ఏ అదనపు భారమూ లేకుండానే షాఫ్టు విరుగుతుంది.

ఈ పాఠాన్ని ప్రపంచము ఎంతో ఖరీదు పెట్టి నేర్చుకొన్నది. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయి నుండి పారిస్ వెళ్ళే రైలు ఇంజను ఇరుసు విరిగి, ఏబదిమందికి పైగా ప్రయాణికులు మరణించిరి. మరుసటి ఏడు స్కాట్లండు ఇంజనీరు రాంకిన్, ఇటువంటి ఇరుసులు ఒక్కసారిగా కాక, మెట్టు వద్ద పుట్టిన పగులు క్రమముగా పెరిగి విరుగుతున్నవని ఎత్తిచూపినాడు. ఆ మెట్టును వాడిగా కాక గుండ్రముగా చెక్కవలెనని సూచించినాడు. తరువాత జర్మనీలో రైల్వే ఇంజనీరు వోలర్, బరువు వ్రేలాడదీసిన ఇరుసులను లక్షల చుట్లు త్రిప్పి చూచి, 1858 నుండి 1870 వరకు తన ఫలితాలను ప్రకటించినాడు. విరుపును నిర్ణయించేది అత్యధిక బలము ఒక్కటే కాదు, ప్రతిబలము ఎంత మేర ఊగిసలాడుతున్నది, ఎన్ని మారులు ఊగిసలాడినది అన్నదే ప్రధానమని అవి నిరూపించినవి. గోదావరి మీద ఒక్క దాటులో 860 సార్లు ఊగిసలాడే ఇరుసుకు భరోసా ఇచ్చే శాస్త్రము అక్కడ మొదలైనది.

కనుక యంత్ర నిర్మాణ గ్రంథాలపై కూడా మనకొక ఫిర్యాదు ఉన్నది. అవి స్థితిశాస్త్రముతో బలాలు కట్టి, వెంటనే సూత్రాలలోనికి దిగుతాయి. "బలాలు స్థిరమైనవి, ప్రతిబలాలు కావు" అనే ఒక్క వాక్యము ఆ రెంటి నడుమ ఉండవలసినది. అది లేనందున విద్యార్థికి సూత్రములోని గుణకము ఎక్కడినుండి ఊడిపడినదో తెలియదు.

పద్ధతి హద్దులు

ఇంతవరకు ద్రవ్యరాశి కేంద్రము సరిగా అక్షము మీద ఉన్నదనుకొన్నాము. 20 కిలోల పుల్లీ కేంద్రము అక్షానికి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు ఉంటే ఏమవుతుంది? ద్రవ్యరాశి, దూరము, కోణీయ వేగ వర్గము హెచ్చవేస్తే, 300 చుట్ల వద్ద సుమారు 20 న్యూటన్లు. పుల్లీ బరువులో పదవ వంతు. లెక్కలో విడిచినా ఆపద లేదు. అదే వస్తువు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే బలము నూరింతలు, సుమారు 2000 న్యూటన్లు. పుల్లీ బరువుకు పదింతలు. కొవ్వూరుకు సమీపాన విజ్జేశ్వరములో 1990 ప్రాంతములో గ్యాసు విద్యుత్ కేంద్రము నెలకొల్పినారు. అటువంటి కేంద్రాలలోని రెండు ధ్రువాల జనరేటరు 50 హెర్ట్‌జుల విద్యుత్తు ఇవ్వవలెనంటే 3000 చుట్లే తిరుగవలెను. మిల్లు షాఫ్టుకు సరిపడిన ఉపేక్ష జనరేటరు షాఫ్టుకు సరిపడదు.

ఈ రెండు బలాల స్వభావము కూడా వేరు. బెల్టు లాగుడు ఆకాశములో స్థిరము; అది బేరింగును ఒకే వైపు నొక్కుతుంది, షాఫ్టు లోహాన్ని ఊగిసలాడిస్తుంది. కేంద్రము తొలగినందున పుట్టే బలము షాఫ్టుతోబాటు తిరుగుతుంది. అది షాఫ్టు లోహాన్ని ఒకే వైపు సాగదీస్తుంది, బేరింగును ఊగిసలాడిస్తుంది. మిల్లు నేల అదరుతున్నదంటే రెండవదాన్ని అనుమానించవలెను.

ఇటువంటి బలాన్ని కూడా స్థితిశాస్త్రములోనికి తెచ్చే ఉపాయము ఒకటున్నది. 1743 లో ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ చూపిన దారిని అనుసరించి, త్వరణానికి వ్యతిరేకముగా ఒక జడత్వ బలాన్ని కల్పించి చేర్చితే సమీకరణాలు మళ్ళీ సున్నకు వస్తాయి. ఈ ఉపాయము ఎంత అందమైనదో, అజాగ్రత్తగా వాడినచో అంత మోసకరమైనది. దానికి నిదర్శనము మనము ఇంతకుముందు మెచ్చుకొన్న రాంకినే.

1869 లో రాంకిన్ తిరిగే షాఫ్టు వంపును గురించి వ్రాసినాడు. షాఫ్టు కొంచెము వంగినచో అపకేంద్ర బలము దానిని ఇంకా బయటికి లాగుతుంది, ఉక్కు సాగుడు గుణము వెనుకకు లాగుతుంది. ఒక వేగము వద్ద రెండూ సమానమవుతాయి. ఆ వేగాన్ని అతడు సరిగానే గుర్తించినాడు. కాని ఆపైన అపకేంద్ర బలమే గెలుస్తుంది గనుక ఆ వేగానికి మించి ఏ షాఫ్టూ నిలువజాలదని తీర్మానించినాడు. బలాలను తూచినాడు; తూకము తప్పినప్పుడు షాఫ్టు ఎట్లా కదులుతుందో చూడలేదు. షాఫ్టుతో తిరిగే చట్రములో కదిలే వస్తువు మీద కొరియాలిస్ బలమనే మరొకటి పనిచేస్తుంది. కదలని వస్తువుకు అది సున్న. అందువలన సమతాస్థితి లెక్కలో కనబడదు. కాని స్థానము తప్పిన షాఫ్టును తిరిగి దారికి తెచ్చేది అదే.

స్వీడన్ ఇంజనీరు డి లావల్ 1880 ల చివర, సన్నని, వంగే గుణముగల షాఫ్టుతో తన ఆవిరి టర్బైనును రాంకిన్ హద్దు దాటించి త్రిప్పినాడు. అది చక్కగా తిరిగినది. 1895 లో జర్మనీకి చెందిన ఫోపెల్ దానికి సిద్ధాంతము చెప్పినాడు. 1919 లో జెఫ్‌కాట్ దానిని పూర్తిచేసినాడు. కేంద్రము తొలగిన దూరాన్ని ఒకటి అనుకొంటే, సంధి వేగములో సగము వద్ద షాఫ్టు వంపు మూడవ వంతు. సంధి వేగము వద్ద అది విపరీతముగా పెరుగుతుంది. దానికి రెట్టింపు వేగము వద్ద వంపు ఒకటిన్నర లోపలికి, సరిగా ఒకటీ, మూడవ వంతూ, కాని ఎదురు దిశలో. ఇంకా పైకి పోతే వంపు ఒకటికి చేరుతుంది. అనగా ద్రవ్యరాశి కేంద్రము తనంతట తానే అక్షము మీదికి వచ్చి కుదురుకొంటుంది.

చిత్రమేమనగా ఆ సంధి వేగాన్ని అంచనా కట్టడానికి స్థితిశాస్త్రమే మళ్ళీ తోడ్పడుతుంది. నిలిచియున్న షాఫ్టు తన మీది చక్రము బరువుకు ఒక మిల్లీమీటరు వంగినదనుకొంటే, గురుత్వ త్వరణాన్ని ఆ వంపుతో భాగించి వర్గమూలము తీస్తే సెకనుకు 99 రేడియనులు, నిమిషానికి సుమారు 946 చుట్లు వస్తాయి. నిలకడ లెక్క బలాలను చెప్పగలదు, ప్రమాదపు వేగము ఎక్కడున్నదో కూడా చెప్పగలదు. ఆ వేగము దాటిన తరువాత ఏమి జరుగుతుందో మాత్రము చెప్పజాలదు. రాంకిన్ వంటి దిట్ట తడబడినది ఆ చివరి అడుగులోనే.

తరగతి గదిలో

ఇదంతా హైస్కూలుకు మించిన విషయమని కొందరనవచ్చును. రాంకిన్ చర్చ మించినదే కావచ్చు. మొదటి మెట్టు మించినది కాదు. ఒక సైకిలు ముందు చక్రము, రెండు స్ప్రింగు త్రాసులు ఉంటే చాలును. ఇరుసు రెండు చివరలను రెండు త్రాసులకు వ్రేలాడదీసి అంకెలు చదవండి. చక్రాన్ని చేతితో గట్టిగా త్రిప్పి మళ్ళీ చదవండి. అంకెలు మారవు. తిరిగే వస్తువుకు నిలకడ లెక్క చెల్లుతుందని విద్యార్థి కన్నులతోనే చూస్తాడు. తరువాత అంచుకు ఒక చిన్న రాయి కట్టి త్రిప్పండి. ముళ్ళు ఊగడము మొదలవుతుంది. పద్ధతికి మొదటి హద్దు అది. రాయి తీసివేసి, వేగముగా త్రిప్పి, ఒక చివరను జాగ్రత్తగా విడిచిపెట్టండి. చక్రము వెంటనే పడిపోక, రెండవ త్రాడు చుట్టూ అడ్డముగా తిరుగనారంభిస్తుంది. అక్షము దిశ మారుతున్నది, కోణీయ ద్రవ్యవేగము మారుతున్నది. నిర్వచనము ప్రకారమే అది ఇక సమతాస్థితి కాదు. రెండవ హద్దు అది. ఒక్క పీరియడులో మూడు పాఠాలు.

కత్తి అంచుల మీది కడ్డీ, గోడకు చేరిన నిచ్చెన పుస్తకములో ఉండనిండు. వాటి ప్రక్కన రెండు బేరింగుల మీది షాఫ్టును ఒకదానిని చేర్చండి. కడ్డీ లెక్కకూ షాఫ్టు లెక్కకూ అంకగణితములో తేడా లేదు, కత్తి అంచుల స్థానములో బేరింగులు వచ్చినవి, అంతే. చేర్చిన దినమున విద్యార్థి మూడు ప్రశ్నలు వేయడము నేర్చుకొంటాడు. వేగము స్థిరమేనా? ద్రవ్యరాశి అక్షము చుట్టూ సమముగా పంచబడియున్నదా? అక్షము దిశ మారకున్నదా? మూడింటికీ అవునని జవాబు వస్తే ధైర్యముగా సున్నలు వ్రాయవచ్చును. వ్రాసి, బలాలు కట్టిన తరువాత నాలుగవ ప్రశ్న వేయవలెను. బలము నిలిచియున్నది సరే, లోహము మీద అది ఎన్నిసార్లు తిరగబడుతున్నది?

మా విద్యార్థి అన్నయ్య లెక్క తప్పు కాదు. అయితే అది లెక్కలో సగమే. మిగిలిన సగము చెప్పవలసిన బాధ్యత పుస్తకానిది. పుస్తకము చెప్పనప్పుడు మనది.